తాడు ఎవరి చేతిలో ఉంది?

మేము గతంలో పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలకు ఒకరోజు ఉదయం, ప్రార్థన కాగానే, రక్త నమూనాలు తీసేవాళ్లు వచ్చారు. ముందురోజు సాయంత్రం ఫోన్‌లో ఒక మాట చెప్పారు, అంతే. మేము పిల్లలను తరగతివారీగా వరుసలో నిలబెట్టాం. రిజిస్టర్ చూసి పేర్లు చదివాం. భయపడ్డవాళ్లకు "చీమ కుట్టినట్టు ఉంటది, గంతే" అని ధైర్యం చెప్పాం. ఆరో తరగతి చెంచు పాప ఒకతె వేలు చాపబోయి ఆగి, మా వైపు తిరిగి అడిగింది: "సార్, నా నెత్తురు ఏడికి తీస్కపోతరు?"

మాకు తెలియదు. "మంచికే బిడ్డా, నిలబడు" అన్నాం. పాప నిలబడింది.

ఆ రోజు ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. వచ్చినవాళ్లు మర్యాదగానే ఉన్నారు. పిల్లలకు బిస్కెట్ పొట్లాలు పంచి వెళ్లారు. అయినా ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఆ పాప అడిగింది సూది పట్టుకున్న మనిషిని కాదు, మమ్మల్ని. తనకు తెలిసిన మనిషి కాబట్టి అడిగింది. మేము "మంచికే" అన్నాం కాబట్టి వేలు చాపింది. అంటే ఆ నెత్తురు చుక్క ఇప్పించింది మేమే.

ఇప్పుడు మేము కోడేరు మండలంలో పాఠాలు చెబుతున్నాం. ఇక్కడ నేల చదును, చేన్లు, తండాలు. కొల్లాపూర్ దాటి కృష్ణ దిక్కు పోతే నల్లమల. మా పుట్టుక ఆ దిక్కు పెంటల్లోది. ఇక్కడి పిల్లలకు జీవశాస్త్రంలో రక్తం గురించి, కణం గురించి, జన్యువు గురించి చెబుతుంటాం. కానీ మన నెత్తురు గురించి, మన పిల్లల ఒంటి గురించి పరిశోధన చేయడానికి ఎవరైనా వస్తే "సరే" అనవలసింది ఎవరో ఏ పాఠంలోనూ లేదు. బిడ్డ తరఫున సరే అనే హక్కు టీచర్లమైన మనకు ఉందా? ఈ వ్యాసంలో అడుగుతున్నది ఇదొక్కటే.

దీని గురించి మేము మా పెద్దలను కూడా అడిగాం. వాళ్లకు పరిశోధన అంటే ఏమిటో వివరించడానికి కొంత సేపు పట్టింది. అంతా విని ఒక ముసలాయన తేనె సంగతి చెప్పాడు. కొండ చరియకు పట్టిన పెద్ద తుట్టెను తీయాలంటే ఒక మనిషి తాడు పట్టుకుని కిందికి దిగాలి. కింద లోయ, చుట్టూ తేనెటీగలు, పొగ. పైన తాడు దగ్గర కాపలా ఉండే మనిషి ఎవరు? మా ఆచారంలో అది బావమరిది, అంటే దిగేవాడి భార్య తోడబుట్టినవాడు. తాడు వదిలితే తన అక్కో చెల్లెలో ముండమోస్తుంది. కాబట్టి వాడు వదలడు. "తాడు గట్టిదా కాదా అని అందరం చూస్తం బిడ్డా," అన్నాడు ఆయన, "గానీ అంతకన్న ముందుగాల తాడు పట్టేటోడు ఎవడో చూస్తం. నువ్వు పడితే వానికి ఏమైతది? ఏం కాకపోతే, ఆని మాట మీద దిగొద్దు."

ఈ మాటను కొలతగా పెట్టుకుని మన పక్కనే జరిగిన ఒక సంగతి చూద్దాం. మనలో చిన్నవాళ్లకు ఇది తెలియకపోవచ్చు.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఒక టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా అది. మూడు మోతాదులు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమం. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా ఇదే కార్యక్రమం వేరే కంపెనీ టీకాతో నడిచింది. ఖమ్మంలో సుమారు 14 వేల మంది బాలికలను ఎంచుకున్నారు. వాళ్లలో చాలామంది ఆదివాసీ పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు.

కొన్ని నెలల తర్వాత మహిళా ఆరోగ్య సంఘాలవాళ్లు ఆ ఊళ్లకు వెళ్లి తల్లులతో, పిల్లలతో మాట్లాడారు. టీకా తీసుకున్న బాలికల్లో కొందరు చనిపోయారన్న సంగతి బయటికి వచ్చింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపివేసి విచారణ కమిటీ వేసింది. ఆ చావులకు టీకాతో సంబంధం కనబడలేదని కమిటీ తేల్చింది. నీళ్లలో మునగడం, పాము కాటు, మలేరియా, పురుగుల మందు, ఇలాంటి కారణాలు చెప్పింది. కానీ అనుమతి తీసుకున్న తీరులో లోపాలున్నాయని కూడా రాసింది. తర్వాత 2013 ఆగస్టులో ఆరోగ్య శాఖకు సంబంధించిన పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఇంకా గట్టిగా మాట్లాడింది. పేరు ఏదైనా ఇది నిజానికి మనుషుల మీద చేసిన ప్రయోగమేనని, ప్రయోగానికి ఉండవలసిన జాగ్రత్తలు ఇందులో లేవని చెప్పింది.

టీచర్లు మాత్రం ఆ నివేదికలోని ఒక లెక్కను మరచిపోకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పది పత్రాల్లో దాదాపు మూడింటి మీద తల్లి లేదు, తండ్రి లేడు. మనం ఉన్నాం.

ఆ టీకా చెడ్డదని మేము అనడం లేదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం మేలు కన్నా కీడే చేస్తుంది. హెచ్‌పీవీ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. మన దేశంలో ఏటా లక్షకు పైగా ఆడవాళ్లకు ఆ క్యాన్సర్ వస్తోంది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో కేంద్రం ప్రకటించింది. ఆలస్యంగా ఆసుపత్రికి చేరే మన ఆడవాళ్లకే అలాంటి రక్షణ ఎక్కువ అవసరం. కానీ అడగకుండా ఒకసారి చేసిన పని తర్వాత పదిసార్లు అడ్డం వస్తుంది. మంచి టీకా వచ్చిన రోజున కూడా తల్లి బిడ్డను వెనక్కి లాగుతుంది. ఆమెకు సైన్సు తెలియదని మనం విసుక్కుంటాం. ఆమె చూస్తున్నది సూదిని కాదు, తాడు పట్టిన చేతిని.

ఇప్పుడు మా గురించి చెప్పుకోవాలి. 2009లో మేము ఖమ్మంలో ఒక హాస్టల్‌లో ఉండి ఉంటే ఏం చేసేవాళ్లం? సంతకం పెట్టేవాళ్లమే. నిజం ఇదే. ప్రధానోపాధ్యాయులే తల్లిదండ్రుల తరఫున సంతకం చేయవచ్చని అప్పుడు పై నుంచి ఆదేశం ఉన్నదని ఆ నివేదికే చెబుతోంది. ఆదేశం వచ్చాక ఎదురు ప్రశ్న వేసే అలవాటు మన ఉద్యోగంలో లేదు. పైగా అది మంచి పని అని నమ్మేవాళ్లం. తల్లిదండ్రులేమో దూరాన, అడవిలోనో కూలి పనిలోనో ఉంటారు. ఫోన్ కలవదు. పత్రం చదవలేరు. బిడ్డ హాస్టల్‌లో ఉన్నంతకాలం వార్డెనే తల్లీ తండ్రీ అని మనమే చెప్పుకుంటాం.

ఈ వాదనలో బలం లేకపోలేదు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వచ్చి మూర్ఛ వస్తే మనం తల్లి కోసం ఎదురుచూడం. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోతాం, అక్కడ కాగితం మీద సంతకం పెడతాం. అది తప్పు కాదు, పెట్టకపోతే తప్పు. మరి ఆ సంతకానికీ ఈ సంతకానికీ తేడా ఏమిటి?

జ్వరం వచ్చిన రాత్రి మనం పెట్టే సంతకం ఆ బిడ్డ కోసం. మందు పనిచేస్తే మేలు ఆ బిడ్డకే. పరిశోధన అలా కాదు. అందులో తేలిన సంగతి రేపు ఎక్కడో ఎవరికో పనికొస్తుంది. బిడ్డకు మేలు కలగవచ్చు, కలగకపోవచ్చు. కొంత ప్రమాదం మాత్రం బిడ్డదే. అలా ముందుకు వచ్చిన మనుషులు ఉండబట్టే ఈ రోజు మనకు మందులున్నాయి, టీకాలున్నాయి. కాబట్టి పరిశోధనలో పాల్గొనడం ఒక దానం లాంటిది, గొప్ప దానం. కానీ దానం ఎవరి సొత్తు వాళ్లే చేయాలి. పక్కింటి మేకను తెచ్చి జాతరలో మొక్కు తీర్చుకుంటే ఆ పుణ్యం ఎవరిది? ఆపదలో బిడ్డను కాపాడమని తల్లి మనకు అప్పగించింది. బిడ్డను ఇంకొకరికి ఇమ్మని అప్పగించలేదు.

ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. ఆశ్రమ పాఠశాల పరిశోధకులకు ఎందుకు అనుకూలం? వందల మంది పిల్లలు ఒకేచోట ఉంటారు. రెండో మోతాదుకూ అక్కడే దొరుకుతారు. నూరు ఇళ్లు తిరిగి నూరు మంది తల్లులకు చెప్పే పని ఒక్క ఆఫీసు గదిలో అయిపోతుంది. పట్నంలో పెద్ద ఫీజులు కట్టే బడిలో ఇలా వరుస కట్టించగలరా? సాయంత్రానికి తల్లిదండ్రులు గేటు దగ్గర ఉంటారు. మన పిల్లలు సులువుగా దొరుకుతారు కాబట్టి వాళ్లను ఎంచుకోవడం న్యాయం కాదు. ఆ సులువును తయారుచేసి ఇచ్చేది మన వరుసలు, మన రిజిస్టర్లే.

సూది ప్రమాదం ఒక్కటే కాదు. నెత్తురు ఒంట్లోంచి పోయాక కూడా మాట్లాడుతూనే ఉంటుంది. 2003లో అమెరికాలోని ఒక జన్యుశాస్త్ర పత్రికలో చెంచుల, కోయల డీఎన్‌ఏ మీద ఒక పరిశోధన వచ్చింది. 2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి దేశంలోని 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి నేచర్ పత్రికలో ప్రచురించారు. అందులోనూ చెంచులు ఉన్నారు. ఈ పరిశోధనల సారం మనకు అవమానకరమైనది కాదు. మొదటిది గిరిజనులకూ కుల సమాజాలకూ ఉన్న పాత వారసత్వం చాలావరకు ఒకటేనని చెప్పింది. రెండోది దాదాపు అన్ని సమూహాలూ పాత కాలపు కలయికల నుంచి వచ్చినవేనని చూపింది. పుట్టుకతో గొప్ప అనుకునేవాళ్లకు చదివి వినిపించవలసిన సంగతులు ఇవి.

కానీ మేము అడిగిన పెద్దల్లో ఒక్కరూ ఈ మాట విన్నవాళ్లు లేరు. మేము చెప్పగా ఒక పెద్దమ్మ నవ్వి "మన నెత్తురు గంత మాట చెప్పిందా! మరి మనకు చెప్పలేదేంది బిడ్డా?" అన్నది. తీసుకున్నవాళ్లు తేలిన సంగతిని తిరిగి వచ్చి చెప్పడం కూడా తాడు పట్టడంలో భాగమే. తేనె దించినవాడికి వాటా లేకుండా ఎవరూ తినరు.

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవాసుపాయి అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్లలో మధుమేహం ఎక్కువ. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ల రక్తం తీసుకున్నారు. మధుమేహం కోసమే అనుకుని వాళ్లు ఇచ్చారు. తర్వాత అదే రక్తం మీద మానసిక జబ్బు గురించి, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల గురించి, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్న దాని గురించి పరిశోధనలు జరిగాయి. తాము ఆ లోయలోనే పుట్టామన్నది వాళ్ల నమ్మకం. ఈ సంగతి ఎలా బయటపడింది? కార్లెట్టా టిలూసీ అనే హవాసుపాయి యువతి 2003లో అదే యూనివర్సిటీలో ఒక పరిశోధన ప్రసంగం వింటూ, ఆ నమూనాలు తన వాళ్లవని గ్రహించి, దీనికి అనుమతి ఉందా అని అడిగింది. కేసు నడిచింది. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని, మిగిలిన రక్త నమూనాలను వాళ్లకు తిరిగి ఇచ్చింది. మన యువత ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ ప్రశ్న లోయలో కూర్చున్న పెద్దల నుంచి రాలేదు, చదువుకుని ఆ గదిలోకి అడుగుపెట్టిన పిల్ల నుంచి వచ్చింది.

ఇక ఈ రోజు మన బడుల ముందున్న సంగతికి వద్దాం. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం సికిల్‌సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు ఉన్న 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది దాని లక్ష్యం. ఇది పరిశోధన కాదు, ఆరోగ్య కార్యక్రమం. మంచిది, అవసరమైనది. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారి చిన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒళ్లంతా నొప్పులు, పదే పదే రక్తం తగ్గడం, చిన్న వయసులో చావు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కొక్క లోపపు జన్యువు ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒక్క జన్యువే ఉన్న మనిషి మామూలుగా ఆరోగ్యంగా బతుకుతాడు. అందుకే పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ చూసుకొమ్మని చెబుతున్నారు.

ఇక్కడ టీచరు చేతిలో ఒక జాబితా పడుతుంది. దాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఒక్క నిమిషం చాలు. ప్రార్థన దగ్గర పేర్లు చదివి "మీరు ఇటు రండి" అనడానికి అర నిమిషం. ఆ తర్వాత ఆ ఆడపిల్ల పేరు గూడెంలో ఏమవుతుంది? ఆమెకు జబ్బు లేదు, ఒక్క జన్యువు మాత్రమే ఉంది. ఈ తేడా మనకు తెలుసు, పెళ్లి చూపులకు వచ్చినవాళ్లకు తెలియదు. మగపిల్లవాడి కార్డు పెట్టెలో ఉండిపోతుంది, ఆడపిల్ల కార్డు ఊరంతా తిరుగుతుంది. పరీక్ష మంచిదైనంత మాత్రాన దాని ఫలితం అందరిదీ కాదు. అది ఆ బిడ్డది, ఆ ఇంటిది.

ఈ ప్రశ్నలు మనకు మాత్రమే వచ్చినవి కావు. 1990లో మానవ జన్యు పటం ప్రాజెక్టు మొదలైనప్పుడే అమెరికాలో దాని బడ్జెట్‌లో 3 నుంచి 5 శాతాన్ని నైతిక, న్యాయ, సామాజిక ప్రశ్నల అధ్యయనానికి కేటాయించారు. అప్పటి నుంచి జీవశాస్త్రం, న్యాయం, తత్వం, సమాజశాస్త్రం చదివినవాళ్లు కలిసి చేసే పరిశోధన ఒకటి పెరిగింది. మన ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లో గిరిజనులను ప్రత్యేకంగా కాపాడుకోవలసిన వర్గాల్లో చేర్చారు. ఊరి పెద్ద ఒప్పుకున్నా అది మనిషి సొంత అనుమతికి బదులు కాదని, పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతితో పాటు ఏడేళ్లు దాటిన బిడ్డ ఒప్పుదల కూడా తీసుకోవాలని అందులో ఉంది. అదే సంవత్సరం దక్షిణాఫ్రికాలో మనలాగే వేట, సేకరణ మీద బతికిన శాన్ ప్రజలు, తమ దగ్గరికి వచ్చే పరిశోధకుల కోసం తామే నియమావళి రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, పట్టింపు, పద్ధతి. ఈ ఐదూ ఉంటేనే రండి అన్నారు. మన ముసలాయన తాడు గురించి చెప్పినదాన్నే వాళ్లు కాగితం మీద పెట్టారు.

కాబట్టి మా జవాబు ఇది. బిడ్డ తరఫున పరిశోధనకు సరే అనే హక్కు మనకు లేదు. కానీ అడగవలసిన బాధ్యత ఉంది. మీరు ఎవరు, ఎవరి డబ్బుతో చేస్తున్నారు? ఇది చికిత్సా, పరిశోధనా? నమూనా ఎక్కడికి పోతుంది, ఎంతకాలం ఉంటుంది, వేరే పనికి వాడతారా? బిడ్డకు ఏమైనా అయితే ఎవరు చూసుకుంటారు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి? తేలిన సంగతి మళ్లీ వచ్చి చెబుతారా? ఇవన్నీ తెలుగులో, తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పించాలి. "వద్దు" అంటే బిడ్డకు మార్కులూ భోజనమూ సీటూ ఏదీ పోదని మనం తల్లికి చెప్పాలి. యువతకు ఒక మాట. జీవశాస్త్రం చదవండి, నర్సింగ్ చదవండి, న్యాయం చదవండి. నైతిక కమిటీల్లో, ప్రయోగశాలల్లో మన నెత్తురు మాత్రమే కాదు, మన మనుషులు కూడా ఉండాలి.

కొంతకాలం కింద ఇక్కడి బడికి కూడా ఒక బృందం నమూనాల కోసం వచ్చింది. మేము వారం రోజుల గడువు అడిగాం. వాళ్లకు నచ్చలేదు. పని ఆగుతుందన్నారు, పైవాళ్లకు చెబుతామన్నారు. మాకు లోపల భయంగానే ఉంది. అయినా తల్లిదండ్రులను ఆదివారం పిలిపించి కూర్చోబెట్టాం. వచ్చినవాళ్లు చెప్పారు, మేము అడగవలసినవి అడిగాం. చాలామంది సరేనన్నారు. ఒక తల్లి మాత్రం వద్దన్నది. కారణం చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆ రోజు మిగతా పిల్లలు వరుసలో నిలబడితే, ఆమె బిడ్డను తరగతిలో కూర్చోబెట్టుకుని భిన్నాల లెక్కలు చెప్పాం.